బరువు తగ్గే సూది: సీసా మందు వాడేటోళ్ళతో ఒక మాట



ఈసారి పోస్టు జర పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. బరువు తగ్గే సూది గురించి రాస్తున్నం. అందులో కూడా కంపెనీ పెన్ను గురించి కాదు, ఫోన్‌ల ఆర్డర్ పెడితే ఇంటి గుమ్మం ముందు దిగే చిన్న గాజు సీసా గురించి. ఇప్పటికే ఫ్రిజ్‌ల ఆ సీసా ఉన్నోళ్ళు ఈ వారం సూది పొడుచుకునే ముందే ఇది చదవండి. మిగతావాళ్ళు తీరిగ్గా ఆదివారం చదువుకోవచ్చు.

ముందే ఒక మాట. మేము డాక్టర్లం కాదు. పదో తరగతితో బడి ఆపి, దుబాయ్‌ల పన్నెండేండ్లు కాంక్రీటు పోసి, అక్కాబావలు వేసిన పిటిషన్ పండేదాకా ఎదురుచూసి ఈ దేశం వచ్చినోళ్ళం. ఇప్పుడు డల్లాస్‌కు ఉత్తరాన ఇండ్లు కట్టే సైట్లు చూసుకుంటున్నం. ఇర్వింగ్‌ల ఒకే అపార్ట్‌మెంట్‌ల ఐదుగురం ఉంటం. పోస్టు రాసే చెయ్యి ఒకటే గానీ మాటలు ఐదుగురివి, అందుకే ఎప్పుడూ మేము అనే రాస్తం.

మన ఒంటి సంగతి మనకు తెలిసిందే. నాలుగున్నరకు లేస్తం. గ్యాస్ స్టేషన్‌ల కాఫీ, డోనట్. పగలు టాకో ట్రక్కు. రాత్రి తొమ్మిదికి కుక్కర్ నిండ అన్నం, దాని మీద పప్పు, పచ్చడి, ఆకలి తీరేదాకా. కాయకష్టం చేసేటోనికి పొట్ట రాదని ఊర్ల అంటరు. సైటు చూసుకునే పనికి వచ్చినంక నడిచేది తక్కువైంది, ట్రక్కుల కూసునేది ఎక్కువైంది. మా ఐదుగురిల ముగ్గురికి షుగర్. మన జాతికి తక్కువ బరువుకే షుగర్ వస్తదని ఇక్కడి డాక్టర్లు కూడా ఒప్పుకున్నరు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మిగతావాళ్ళకు బీఎంఐ 25 దగ్గర షుగర్ టెస్టు చేయించుకోమంటే, ఆసియా వాళ్ళకు 23 దగ్గరనే చేయించుకోమంటది. కాబట్టి బరువు తగ్గాలని ఎవరన్నా అనుకుంటే అది సోకు కోసం అని మేము అనం.

ప్రాస్పర్, సెలైనా, ఫ్రిస్కో దిక్కు మేము కట్టే ఇండ్లు కొనేది చాలావరకు మన తెలుగోళ్ళే. ఇల్లు చూసుకోను వచ్చినప్పుడు వాళ్ళ మాటలు మన చెవిల పడతయి. "మౌంజారో మొదలుపెట్టిన, ఇరవై పౌండ్లు పోయినయి" అని ఒక సార్ అంటడు. వాళ్ళ ఇన్సూరెన్స్ ఆ మందుకు ఒప్పుకుంటే కంపెనీ కార్డు చూపించి నెలకు 25 డాలర్లకు తెచ్చుకుంటరు. అదే మాట విన్న మన పిల్లగాడు సాయంత్రం ఫోన్ తీసి వెతుకుతడు. వానికి ఇన్సూరెన్స్ ఉండదు, లేదా ఉన్నా బరువు మందుకు ఒప్పుకోదు. వాని ఫోన్‌ల తెరుచుకునేది వేరే దుకాణం.

మందుల పేర్లు ఒకసారి సాపు చేసుకుందాం, ఎందుకంటే ఒకటే మందుకు రెండేసి పేర్లున్నయి. సెమాగ్లుటైడ్ అనేది డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌ది. 2017 డిసెంబరుల షుగర్‌కు ఓజెంపిక్ అనే పేరుతో, 2021 జూన్‌ల బరువుకు వెగోవీ అనే పేరుతో ఇక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది. టిర్జెపటైడ్ అనేది ఇండియానాపొలిస్‌ల ఉన్న ఎలై లిల్లీ కంపెనీది. షుగర్‌కు మౌంజారో, 2022 మే. బరువుకు జెప్‌బౌండ్, 2023 నవంబరు. వారానికి ఒక సూది. ఆకలి తగ్గుతది, తిన్నది కడుపుల చాలాసేపు ఉంటది. మందు పనిచేస్తది, దాంట్ల అనుమానం లేదు.

అడ్డం వచ్చింది ధర. వెగోవీ నెలకు 1,349 డాలర్లు అని రాసిపెట్టిన ధర. గంటకు 20 డాలర్లు వచ్చేటోనికి అది 67 గంటల కష్టం. ఒక్క మందు కోసం వారంన్నర కంటే ఎక్కువ పని చేయాలె, కిరాయి లేదు, ఇంటికి పంపేది లేదు. అటువంటప్పుడు ఎవడన్నా "అదే మందు, నెలకు 200 డాలర్లు" అంటే చెయ్యి ఎట్ల ఆగుతది?

ఆ 200 డాలర్ల మందు ఎక్కడినుంచి వచ్చింది? 2022 నుంచి ఈ మందులకు గిరాకీ పెరిగి కంపెనీలు చేయలేకపోయినయి. ఎఫ్‌డీఏ వీటిని కొరత ఉన్న మందుల జాబితాల పెట్టింది. ఇక్కడి చట్టం ప్రకారం మందు కొరత ఉన్నప్పుడు, కాంపౌండింగ్ ఫార్మసీలు అనేటివి ముడి మందు తెచ్చి, తామే కలిపి, అదే రకం మందు చేసి ఇవ్వొచ్చు. అట్ల మొదలైంది ఈ సీసాల వ్యాపారం. ఆన్‌లైన్‌ల నాలుగు ప్రశ్నలకు జవాబు రాస్తే, ఎవరో డాక్టర్ చీటీ రాస్తడు, ఎక్కడో ఫార్మసీ కలుపుతది, డబ్బా మన గుమ్మానికి వస్తది.

కాంపౌండింగ్ అంటేనే దొంగతనం అనుకోవద్దు. అది పాత విద్య. పిల్లకు గోలీ మింగుడు పడకపోతే దాన్ని నీళ్ళ మందు చేసి ఇస్తరు. ఒక మనిషికి మందుల కలిపిన రంగు పడకపోతే రంగు లేకుండ చేసి ఇస్తరు. మన పనిల చెప్పాలంటే, రెడీమిక్స్ ట్రక్కు సైటుకు వస్తే డ్రైవర్ చేతిల టికెట్ ఉంటది. ఏ మిక్స్, ఎన్ని గజాలు, ప్లాంటు నుంచి ఎన్ని గంటలకు బయలుదేరింది, అంతా రాసుంటది. అనుమానం వస్తే సిలిండర్లు నింపి ల్యాబ్‌కు పంపుతం. చిన్న ప్యాచ్ పని ఉంటే మాత్రం సంచి కోసి తోపుడు బండిల మనమే కలుపుకుంటం. కలిపేటోడు మంచి మేస్త్రి అయితే ఆ ప్యాచ్ ఇరవై ఏండ్లు ఉంటది. కానీ దానికి టికెట్ లేదు, టెస్టు లేదు, నమ్మకం అంతా మేస్త్రి చేతి మీదనే. ఇగ ఆ తోపుడు బండితోనే వంద ఇండ్ల స్లాబులు పోస్తం అంటే? ఇప్పుడు జరిగింది అదే. ఒక మనిషి కోసం ఉన్న విద్య లక్షల సీసాల దందా అయింది. కాంపౌండ్ చేసిన మందును ఎఫ్‌డీఏ ముందు పరీక్షించి ఒప్పుకోదు. ఈ ఒక్క ముక్క చాలామందికి తెల్వదు. "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ మందే" అని మన వాళ్ళే మాకు చెప్తరు. ముడి మందు పేరు అదే కావొచ్చు, సీసాల ఉన్నది మాత్రం ఎఫ్‌డీఏ చూసింది కాదు.

ఇది ఉత్త భయం కాదు, ఇంతకుముందు జరిగింది. 2012ల మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రేమింగ్‌హామ్‌ల న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే ఫార్మసీ స్టెరాయిడ్ సూదిమందు కలిపింది. అది నడుమునొప్పికి వెన్నుల ఇచ్చే సూది. మన పనోళ్ళకు బాగా తెలిసిన సూదే. ఆ సీసాలల్ల ఫంగస్ చేరింది. 20 రాష్ట్రాలల్ల 750 మంది దాకా జబ్బు పడ్డరు, 60 మందికి పైగా చనిపోయిండ్రు. నడుమునొప్పి తగ్గుతదని పోయినోళ్ళు వాళ్ళంతా. ఆ తర్వాత 2013 నవంబరుల కొత్త చట్టం తెచ్చిండ్రు. ఇప్పుడు రెండు రకాలు. 503ఏ అంటే ఒక్కొక్క రోగి చీటీకి కలిపే ఫార్మసీ, దాన్ని ముఖ్యంగా రాష్ట్రం బోర్డు చూసుకుంటది. 503బీ అంటే పెద్ద ఎత్తున కలిపేది, అది ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టర్ అయి, తనిఖీలకు ఒప్పుకోవాలె. మీ సీసా ఈ రెండిట్ల దేనినుంచి వచ్చిందో అడిగితే చెప్పాలె. చెప్పకపోతే అదే మీకు జవాబు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తం. ఈ పోస్టు రాయనీకి కారణం కొలత.

మా సైటుల డ్రైవాల్ పని చేసే తమ్ముడు ఒకడున్నడు. నిజామాబాద్ దిక్కు పిల్లగాడు, పేరు వద్దు. ఒక ఆన్‌లైన్ కంపెనీ నుంచి సెమాగ్లుటైడ్ తెప్పించుకున్నడు. మొదటి సీసా మీద ఒక మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అని ఉంది. మొదలుపెట్టే డోసు 0.25 మిల్లీగ్రాము. అంటే ఇన్సులిన్ సిరంజిల 25 గీతలు. నాలుగు వారాలు మంచిగనే నడిచింది. ఐదో వారం డోసు డబుల్, 0.5 మిల్లీగ్రాము. కొత్త సీసా వచ్చింది. అదే సైజు, అదే రంగు మూత. తమ్ముడు ఏం లెక్క వేసిండంటే, 25 గీతలకు డబుల్ అంటే 50 గీతలు. ఎవడైనా అదే వేస్తడు.

కానీ కొత్త సీసా ఒక మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములది. ఐదు రెట్లు చిక్కన. దాంట్ల 10 గీతలు గుంజితే చాలు. 50 గీతలు అంటే రెండున్నర మిల్లీగ్రాములు. కంపెనీ వెగోవీల 0.25 నుంచి మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 ఎక్కి, పదిహేడో వారంల 2.4 కు చేరుకుంటరు. ఒళ్ళు అలవాటు కావాలని అన్ని మెట్లు పెట్టిండ్రు. తమ్ముడు ఆ 2.4 మెట్టు కంటే ఇంకా పైకి ఐదో వారంలనే దుంకిండు.

ఆదివారం రాత్రి సూది. సోమవారం తెల్లారేసరికి వాంతులు. అయినా పనికి వచ్చిండు, ఎందుకంటే రాకపోతే దినం పోతది. పది గంటలకు రెండో అంతస్తుల షీటు పట్టుకొని నిలబడ్డోడు కూలబడ్డడు. మెట్ల దిక్కు కాకుండ గోడ దిక్కు పడ్డడు కాబట్టి బతికిండు. "ఏమైంది తమ్మీ?" అంటే "ఏం లేదన్నా, ఎండ" అన్నడు. బాటిల్ నీళ్ళు తాగితే ఆ నీళ్ళే బయటికి వచ్చినయి. అప్పుడు చెప్పిండు సూది సంగతి. ట్రక్కుల వేసుకొని హాస్పిటల్‌కు తీసుకపోయినం. పోయేముందు మాలో ఒకరం వాని రూముకు పోయి సీసా, సిరంజి, కాగితం మూడూ సంచిల వేసుకొచ్చినం. డాక్టర్ మొదలు అడిగింది అదే: ఏ మందు, ఎంత చిక్కన, ఎన్ని గీతలు.

దీనికి విరుగుడు సూది అంటూ లేదు. సెలైన్ ఎక్కించాలె, వాంతులు ఆపే మందు ఇవ్వాలె, షుగర్ పడిపోకుండ చూసుకోవాలె. ఒంట్ల ఈ మందు సగం కావడానికే వారం పడతది. రెండు రాత్రులు హాస్పిటల్‌ల ఉన్నడు. తర్వాత ఇంకో పది రోజులు గంజి మీద బతికిండు.

తమ్ముని తప్పే అనేటోళ్ళు ఉన్నరు, కాగితం చదువుకోవాల్సింది అని. మేము అట్ల అనం. కాగితంల 10 యూనిట్లు అని రాసి ఉన్న మాట నిజమే, డబ్బా అడుగున, ఐస్ ప్యాక్ నీళ్ళకు తడిసి, అతుక్కపోయి ఉంది. సైటుల మనం టేపు మారిస్తే, ఫీట్ల టేపు పోయి మీటర్ల టేపు వచ్చిందని పొద్దుగాలనే అందరినీ నిలబెట్టి చెప్తం. ఐదు రెట్లు చిక్కటి మందు పంపేటోడు ఒక ఫోన్ చేయలేడా? తర్వాత ఆ కంపెనీ చాట్‌ల అడిగితే రెండు రోజులు మిషనే జవాబిచ్చింది.

చదువు తక్కువోళ్ళకే ఇట్ల అయితదని కూడా అనుకోవద్దు. 2024 జూలైల ఎఫ్‌డీఏ ఇదే సంగతి మీద హెచ్చరిక ఇచ్చింది. సీసా మందు తీసుకునేటోళ్ళు కొందరు తీసుకోవాల్సిన దానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కువ గుంజుకున్నరని, కొందరు హాస్పిటల్ పాలైండ్రని చెప్పింది. 5 గీతలు గుంజాల్సిన చోట 50 గుంజినోళ్ళున్నరు. డాక్టర్లు, నర్సులు కూడా మిల్లీగ్రాములకు, మిల్లీలీటర్లకు, యూనిట్లకు నడుమ లెక్క తప్పిండ్రని అందులనే ఉంది. 2025 జూలై ఆఖరుకు కాంపౌండ్ సెమాగ్లుటైడ్ మీద 605, కాంపౌండ్ టిర్జెపటైడ్ మీద 545 ఫిర్యాదులు ఎఫ్‌డీఏకు చేరినయి. చిన్న ఫార్మసీలు ఇటువంటివి చెప్పాలనే నిబంధన లేదు, కాబట్టి చెప్పనివి ఇంకా ఉంటయని ఎఫ్‌డీఏనే అంటున్నది. మా తమ్ముడు కూడా వాళ్ళకు ఫోన్ చేయలే. ఎవరు చేస్తరు చెప్పండి.

లెక్క ఇట్ల చూసుకోండి. ఇక్కడి ఇన్సులిన్ సిరంజిల 100 యూనిట్లు అంటే ఒక మిల్లీలీటరు. సీసా మీద "మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు" అని ఉంటది, అది మిక్స్ ఎంత చిక్కనో చెప్పే అంకె. మీ డోసును ఆ అంకెతో భాగించి 100 తోటి గుణించండి, వచ్చేది యూనిట్లు. 0.5 ని 5 తోటి భాగించి 100 తోటి గుణిస్తే 10. మీ లెక్క, కాగితం మీది యూనిట్లు కలవాలె. కలవకపోతే సూది పక్కన పెట్టి, డబ్బా మీద నంబరుకు ఫోన్ చేసి ఫార్మసిస్టును అడగండి. ప్రతి కొత్త సీసాకు ఈ లెక్క మళ్ళీ మొదటి నుంచి చేయాలె.

ఇంకో సంగతి, ఇది మన వాళ్ళకే ఉన్న కష్టం, ఇక్కడి వాళ్ళకు తట్టదు. మన ఇండియాల 40 యూనిట్ల ఇన్సులిన్ ఇప్పటికీ నడుస్తది, దానికి ఎర్ర మూత సిరంజి. ఇంటికి పోయినప్పుడు అగ్గువకు దొరుకుతయని ఆ సిరంజిల ప్యాకెట్లు తెచ్చుకునేటోళ్ళను మేము చూసినం. దాంట్ల 40 గీతలకే ఒక మిల్లీలీటరు. ఇక్కడి కాగితం చూసి దాంట్ల 10 గీతలు గుంజితే రెండున్నర రెట్లు మందు ఒంట్లకు పోతది. ఎర్ర మూత సిరంజితో ఈ మందు ముట్టుకోవద్దు.

ఎండ సంగతి కూడా చెప్పాలె. ఈ మందు ఫ్రిజ్‌ల ఉండాలె. కంపెనీ పెన్నులే 86 డిగ్రీలు దాటితే పాడైతయని కాగితంల రాస్తరు. టెక్సాస్‌ల జూలై నెల గుమ్మం ముందు ఎంత వేడి ఉంటదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. డబ్బా పదకొండు గంటలకు దిగుతది, మనం ఇంటికి చేరేది ఏడు గంటలకు. సీసాలు వెచ్చగ చేరినయని ఎఫ్‌డీఏకు ఫిర్యాదులు పోయినయి కూడా. ముట్టుకుంటే వెచ్చగ ఉన్న సీసాను "పైసలు పోతయి" అని వాడకండి. లంచ్ డబ్బా తోటి ట్రక్కుల పెట్టుకొని తిరగకండి.

ఇగ పూర్తిగ దొంగ సరుకు ఒకటి. వాట్సాప్ గ్రూపులల్ల పొడి సీసాలు అమ్ముతున్నరు, నీళ్ళు వేరే కొనుక్కొని కలుపుకోవాలట. సీసా మీద చిన్న అక్షరాలతో పరిశోధన కోసం మాత్రమే, మనుషులకు కాదు అని ఉంటది. రెటాట్రుటైడ్ అని ఇంకా ఒప్పుకోని మందు కూడా అట్లనే తిరుగుతున్నది. కొన్ని సీసాల మీద ఉన్న ఫార్మసీ పేరు అసలు ఈ భూమి మీదనే లేదని ఎఫ్‌డీఏ కనిపెట్టింది. కంపెనీ ఓజెంపిక్‌కే నకిలీ పెన్నులు 2023ల, 2025ల ఇక్కడి మార్కెట్ల పట్టుబడ్డయి. ఫార్మసీ నిజంగ ఉందా, లైసెన్స్ ఉందా అని టెక్సాస్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ఫార్మసీ సైటుల పేరు కొట్టి చూడొచ్చు. రెండు నిమిషాల పని, మన కాంట్రాక్టర్ లైసెన్స్ చూసినట్టే.

ధర గురించి మళ్ళీ. కొరత అయిపోయింది. టిర్జెపటైడ్ కొరత తీరిందని 2024 డిసెంబరుల, సెమాగ్లుటైడ్ కొరత తీరిందని 2025 ఫిబ్రవరిల ఎఫ్‌డీఏ ప్రకటించి, కాంపౌండ్ నకళ్ళు ఆపేయనీకి గడువులు పెట్టింది. ఆ గడువులన్నీ 2025 మే ఆఖరు లోపలే తీరినయి. కానీ సీసాలు ఆగలే. బి12 విటమిన్ కలిపినం, ఇది వేరే మందు, ఇది మీ ఒక్కరి కోసమే చేసింది అని ఇప్పటికీ అమ్ముతున్నరు. ఇంకో దిక్కు, అసలు కంపెనీలే ధర దించినయి. 2024 ఆగస్టుల లిల్లీ సీసాలల్ల జెప్‌బౌండ్‌ను ఇన్సూరెన్స్ లేనోళ్ళకు నేరుగా అమ్మడం మొదలుపెట్టింది. 2025 డిసెంబరు నుంచి మొదటి డోసు నెలకు 299, తర్వాతిది 399, పెద్ద డోసులు 449 డాలర్లు చేసింది. ఆ సీసాల సుఖం ఏందంటే, ఒక్క సీసాల ఒక్క డోసే ఉంటది. కాగితంల చెప్పిన గీత దాకనే గుంజాలె. నోవో కూడా 2025 నవంబరుల వెగోవీ నగదు ధర 349 కి దించింది. 2025 డిసెంబరుల వెగోవీ గోలీకి అనుమతి వచ్చింది, మొదటి డోసు నెలకు 149 డాలర్లకు అమ్ముతున్నరు. పొద్దున పరగడుపున గుక్కెడు మంచినీళ్ళతో వేసుకొని అరగంట ఏమీ తినకుండ ఉండాలె. నాలుగున్నరకు లేచేటోళ్ళకు కష్టమేమీ కాదు, ఫ్రిజ్ బాధ కూడా లేదు. ఈ ధరలు నెల నెలా మారుతున్నయి, కొనే రోజు మళ్ళీ అడుగుకోండి.

అంటే 1,349 కి, 200 కి నడుమ ఉన్న గుంత చాలావరకు పూడింది. అప్పట్ల సీసా కొనుక్కున్నోళ్ళను మేము ఏమీ అనం, వేరే దారి లేకుండె. ఇప్పుడు 299 డాలర్ల అసలు మందును వదిలి 199 డాలర్ల సీసాకు పోయే ముందు, ఆ 100 డాలర్లు అంటే ఐదు గంటల పని అని లెక్కేసుకోండి. మా తమ్మునికి ఆ ఒక్క సూదితో పోయింది రెండు వారాల కూలి, దాని మీద హాస్పిటల్ బిల్లు.

అందులో కూడా ఆ 199 నిజంగ 199 యేనా అని చూడండి. మెంబర్‌షిప్ వేరే, డాక్టర్ వేరే, డోసు పెరిగితే ధర వేరే, ఏడాది దాకా బయటికి రాలేని కట్టుబాటు వేరే. 2025 జూలైల ఎఫ్‌టీసీ అనే సర్కారు సంస్థ నెక్స్ట్‌మెడ్ అనే ఆన్‌లైన్ కంపెనీ మీద ఇట్లాంటి ఆరోపణలతోనే కేసు వేసింది. ప్రకటనల చూపించిన ధరల మందు ఖర్చే లేదట. వాళ్ళు లక్షా యాభై వేల డాలర్లు కట్టనీకి ఒప్పుకున్నరు.

షుగర్ ఉన్నోళ్ళు వేరే దారి చూడాలె. షుగర్ అని కాగితం మీద ఉంటే ఓజెంపిక్, మౌంజారోలకు ఇన్సూరెన్స్ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఇన్సూరెన్స్ లేకుంటే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నయి, మన సంపాదన చూసి ఫీజు తీసుకుంటరు. మెట్‌ఫార్మిన్ వాల్‌మార్ట్‌ల నెలకు 4 డాలర్లు. ఇంటి నుంచి గ్లిమెపిరైడ్ గోలీలు తెచ్చుకొని వేసుకునేటోళ్ళు, ఇన్సులిన్ తీసుకునేటోళ్ళు ఈ సూది కలిపితే షుగర్ పడిపోతది, డాక్టర్‌కు చెప్పకుండ మొదలుపెట్టొద్దు. ఇంట్ల ఎవరికన్నా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు అసలు వద్దు. అక్కచెల్లెళ్ళకు ఒక మాట: గర్భం రాకుండ గోలీలు వాడుతూ టిర్జెపటైడ్ మొదలుపెడితే ఆ గోలీలు సరిగ్గ పనిచేయకపోవచ్చు, డాక్టర్‌ను అడగండి. ఆపరేషన్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ సూది సంగతి తప్పకుండ చెప్పండి.

మన ఊరు నుంచి తెప్పించుకుందాం అనేటోళ్ళు కూడా ఉన్నరు. మౌంజారో మన దేశంల 2025 మార్చి నుంచి దొరుకుతున్నది, చిన్న డోసు సీసా 3,500 రూపాయలతో మొదలుపెట్టిండ్రు. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు అక్కడ 2026 మార్చితో సరి, హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీలు ముందే తయారైనయి. మన ఊరోళ్ళు చేసే మందు మంచిదే కావొచ్చు. కానీ సూట్‌కేసుల ఇరవై గంటల ప్రయాణం చేసి, కస్టమ్స్ దాటి, ఎవరి డాక్టర్ చీటీ లేకుండ వచ్చే సూది ఇక్కడ చట్టం ఒప్పుకునేది కాదు, చల్లదనం నిలిచేది కాదు.

ఎక్కువ డోసు పోయిందని అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. ఫ్రీ, రాత్రింబగళ్ళు ఎత్తుతరు, మాట మార్చి చెప్పే మనిషిని కూడా లైన్‌ల పెడతరు. ఆగని వాంతులు, వీపు దాకా పాకే కడుపునొప్పి, కండ్లు తిరుగుడు ఉంటే ఫోన్ పక్కన పెట్టి ఎమర్జెన్సీకి పోండి. పైసలు లేవని ఎమర్జెన్సీల చూడకుండ పంపొద్దని 1986 నుంచే చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తది, అది నిజం. కానీ లాభం చూసుకోని హాస్పిటళ్ళు పేదోళ్ళకు సాయం చేసే పద్ధతి రాసి పెట్టుకోవాలని కూడా చట్టం ఉంది. బిల్లు చేతికి రాంగనే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడగండి. మా తమ్ముని ఫారం మేము కూసొని నింపినం, కూలి చెక్కుల కాపీలు పెట్టి. దాని జవాబు ఇంకా రాలే.

తమ్ముడు మళ్ళీ పనికి వస్తున్నడు. ఇప్పటికి కింది అంతస్తులనే పెట్టినం. కమ్యూనిటీ క్లినిక్‌ల టెస్టు చేస్తే షుగర్ అంచు మీద ఉందని తేలింది, వచ్చే నెల మళ్ళీ రమ్మన్నరు. బరువు తగ్గాలనే వాని ఆశ పోలే, "అన్నా, గోలీ సంగతి అడుగుదామా" అంటున్నడు. అడుగుదాం తమ్మీ అన్నం.

వచ్చే ఆదివారం పొద్దున పది నుంచి మా అపార్ట్‌మెంట్‌ల ఉంటం. దగ్గర్ల ఉన్నోళ్ళు, సీసా వాడుతున్నోళ్ళు, సీసా, సిరంజి, కాగితం మూడూ తెచ్చుకోండి. మాలో ఒకరి మేనకోడలు ఫార్మసీల పనిచేస్తది. డోసు చెప్పదు, అది ఆమె పని కాదు. లేబుల్ చదివి, అది ఎన్ని రెట్ల చిక్కనో, మీ ఫార్మసిస్టును ఏం అడగాలో చెప్తది. సీసా చిన్న కూలర్‌ల ఐస్ మీద పెట్టుకొని రండి, ట్రక్కు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకొని కాదు. పగటి అన్నం మా దగ్గరే.